గువాంలో గాలి పడమటికి తిరిగిన రోజున: పసిఫిక్ దీవుల వానకాలం, సముద్రం

పశ్చిమ పసిఫిక్‌లో అమెరికా అధీనంలో ఉన్న గువాం దీవిలో ఏడాదిలో ఎక్కువ రోజులు గాలి తూర్పు నుంచే వీస్తుంది. తూర్పు తీరంలో కెరటాలు పగడపు దిబ్బను బాదుతూనే ఉంటాయి. పడమటి తీరం మాత్రం దీవి చాటున ప్రశాంతంగా ఉంటుంది. పర్యాటకుల హోటళ్లు ఎక్కువగా ఆ వైపున్న టుమోన్ తీరంలోనే ఉన్నాయి. పెద్ద ఓడలు వచ్చే అప్రా రేవు ముఖద్వారం కూడా పడమరకే. ఆగస్టులోనో సెప్టెంబరులోనో ఒక రోజు ఆ గాలి తిరిగిపోతుంది, నైరుతి నుంచి వీచడం మొదలుపెడుతుంది. అది రెండు మూడు రోజులు నిలిచిందంటే తీరాల స్వభావమే తారుమారవుతుంది. ఎప్పుడూ హోరెత్తే తూర్పు తీరం కాస్త సద్దుమణుగుతుంది. పిల్లలు ఈదులాడే పడమటి తీరంలో కెరటాలు లేస్తాయి.

అలాంటి రోజున గువాం వాతావరణ కార్యాలయం ఇచ్చే సూచనలో 'రుతుపవన ద్రోణి' అన్న మాట కనిపిస్తుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా మన వార్తల్లో రోజూ వినిపించే మాటే అది. చుట్టూ వేల కిలోమీటర్లు నీరే తప్ప నేల లేని చోట రుతుపవనాలేమిటి? అక్కడ వానకాలం అంటే మన వానకాలమేనా? ఎండ కాస్తున్న రోజున కూడా సముద్రంలోకి దిగవద్దని హెచ్చరిక ఎందుకు వస్తుంది?

గువాం కార్యాలయం బాధ్యత ఒక్క గువాంతో ఆగదు. పడమట పలావు నుంచి మైక్రోనేషియా సమాఖ్యలోని యాప్, చుక్, పోన్‌పే, కోస్రాయ్ మీదుగా తూర్పున మార్షల్ దీవుల దాకా సుమారు 4,000 కిలోమీటర్ల సముద్రం దాని పరిధిలోకి వస్తుంది. కశ్మీరు నుంచి కన్యాకుమారికి ఉన్నదానికంటే పెద్ద దూరం ఇది. అంత విస్తీర్ణంలో నేల అక్కడక్కడ చల్లిన నూకలంత. ఆ నూకల మీద లక్షల మంది బతుకుతున్నారు.

ఆ నైరుతి మన నైరుతికి తోబుట్టువే

భూమధ్యరేఖకు రెండు వైపులా ఏడాది పొడవునా తూర్పు నుంచి పడమరకు వీచే గాలులున్నాయి. మన పాఠ్యపుస్తకాల్లో వాటిని వ్యాపార పవనాలు అన్నారు. ఉత్తరార్ధంలో అవి ఈశాన్యం నుంచి, దక్షిణార్ధంలో ఆగ్నేయం నుంచి వీస్తాయి. పసిఫిక్ దీవుల్లో మామూలు రోజు అంటే ఈ గాలి రోజే. ఆకాశంలో చిన్న చిన్న తెల్లమబ్బులు, మధ్యలో పది నిమిషాల జల్లు, మళ్లీ ఎండ.

జూన్ వచ్చేసరికి ఆసియా ఖండం వేడెక్కి దాని మీద పీడనం తగ్గుతుంది. అదే సమయంలో ఆస్ట్రేలియాలో చలికాలం, అక్కడ పీడనం ఎక్కువ. దక్షిణార్ధపు ఆగ్నేయ గాలి ఈ తేడాకు లోబడి భూమధ్యరేఖను దాటి ఉత్తరానికి వస్తుంది. రేఖ దాటిన గాలిని భూభ్రమణం కుడివైపుకు తిప్పుతుంది. దానితో ఆగ్నేయం నుంచి బయలుదేరిన గాలి నైరుతి గాలి అవుతుంది. అరేబియా సముద్రం మీద ఇది జరిగితే కేరళకు వాన వస్తుంది. ఇదే ప్రవాహం దక్షిణ చైనా సముద్రాన్ని దాటి ఫిలిప్పీన్స్ చేరితే అక్కడి వారు 'హబగాత్' అంటారు. దాని కొస ఇంకా తూర్పుకు సాగి గువాం దాకా, కొన్నిసార్లు అంతకంటే ముందుకు వెళ్తుంది.

తేడా ఒక్కటే, కానీ పెద్దది. మన రుతుపవన ద్రోణిని నేల పట్టి ఉంచుతుంది. రాజస్థాన్‌లోని గంగానగర్ ప్రాంతం నుంచి బంగాళాఖాతం ఉత్తర కొస దాకా గంగా మైదానం మీదుగా అది దాదాపు ఒకే దారిలో ఉంటుంది. కొంచెం ఉత్తరానికో దక్షిణానికో జరిగితేనే మనకు వానలు ఆగడమో పెరగడమో జరుగుతుంది. పసిఫిక్‌లో ద్రోణిని కట్టి ఉంచే గట్టు లేదు. ఈ వారం గువాం మీదుగా పోయే ద్రోణి వచ్చే వారానికి వెయ్యి కిలోమీటర్లు వెనక్కి, ఫిలిప్పీన్స్ దగ్గరికి ముడుచుకుపోవచ్చు. అందుకే జూన్ 1న కేరళను తాకుతాయి అన్నట్టు గువాంకు ఒక తేదీ చెప్పడం కుదరదు. స్థూలంగా జులై నుంచి నవంబరు దాకా వానకాలం, జనవరి నుంచి జూన్ దాకా పొడికాలం అనుకోవాలి. వానకాలమంతా నైరుతి వీస్తుందనుకోకూడదు. ఆ నెలల్లోనూ చాలా రోజులు తూర్పు గాలే. నైరుతి విడతలు విడతలుగా వచ్చి పోతుంది.

ద్రోణికి ఏ వైపున ఉన్నాం?

ద్రోణి అంటే తక్కువ పీడనం ఉన్న పొడవాటి పట్టీ. దానికి ఉత్తరాన తూర్పు గాలి, దక్షిణాన నైరుతి గాలి. రెండూ ఎదురెదురుగా వచ్చి కలిసే చోట గాలి పైకి లేస్తుంది, మబ్బు కడుతుంది. ఇది అర్థమైతే దీవుల వాతావరణం సగం అర్థమైనట్టే.

ఒక లెక్క చూద్దాం. గువాం ఉన్నది సుమారు 13.5 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద. పలావులోని కొరోర్, చుక్ రెండూ 7 డిగ్రీల పైచిలుకులో ఉన్నాయి. ద్రోణి 10 డిగ్రీల దగ్గర ఉందనుకుందాం. గువాం దానికి ఉత్తరాన ఉన్నట్టు. అక్కడ తూర్పు గాలి, ఎండ, అడపాదడపా జల్లు. కొరోర్ దక్షిణాన పడుతుంది. అక్కడ పడమటి గాలి, ముసురు, ఉన్నట్టుండి వచ్చే ఈదురుగాలి. ఇప్పుడు ద్రోణి 18 డిగ్రీలకు ఎక్కిందనుకుందాం. గువాం కూడా నైరుతిలోకి వస్తుంది, పడమటి తీరంలో అలలు లేస్తాయి. ద్రోణి సరిగ్గా దీవి మీదే ఉంటే గాలి దాదాపు ఆగిపోతుంది, ఉరుములతో కుండపోత కురుస్తుంది. అంటే వాన ఎక్కువ పడే రోజున సముద్రం అంత కోపంగా లేకపోవచ్చు. వాన తగ్గి గాలి పెరిగిన మర్నాడే అలలు ఎగసిపడవచ్చు.

ద్రోణి ఎప్పుడూ పడమర నుంచి తూర్పుకు తిన్నగా ఉండదు. కొన్నిసార్లు మొత్తం ప్రవాహం ఒక సుడిలా ముడుచుకుని, రెండు వేల కిలోమీటర్లకు పైగా అడ్డం ఉన్న మహా ఆవర్తనంగా మారుతుంది. 1991 ఆగస్టులో అలాంటిదే ఏర్పడింది. గువాం విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త మార్క్ ల్యాండర్ దానిని వివరంగా పరిశీలించి రాశారు. అలాంటి సుడి దక్షిణ, తూర్పు అంచుల్లో ఉన్న దీవులకు రోజుల తరబడి ముసురు తప్పదు.

ఇంతకూ అది రుతుపవనమేనా?

దీని మీద శాస్త్రవేత్తల్లో నిజమైన భేదాభిప్రాయం ఉంది. రుతుపవనాల మీద ఎంతో రాసిన కోలిన్ రామేజ్ పెట్టిన కొలత గాలి దిశ. జనవరికి, జులైకి మధ్య ప్రధానమైన గాలి కనీసం 120 డిగ్రీలు తిరగాలి. ఆ లెక్కన గువాం అంచున నిలబడుతుంది, మార్షల్ దీవులు చేరనే చేరవు. తరువాతి తరంలో బిన్ వాంగ్ వంటివారు వానను కొలతగా తీసుకున్నారు. వేసవి వానకూ శీతకాలపు వానకూ తేడా ఎంత, ఏడాది వానలో వేసవి వాటా ఎంత అని చూశారు. ఆ లెక్కన పశ్చిమోత్తర పసిఫిక్ తనకంటూ ఒక రుతుపవన ప్రాంతమవుతుంది. భారత రుతుపవనం కంటే దాని ఉధృతి ఆలస్యంగా, ఆగస్టు ప్రాంతంలో వస్తుంది. ఒకరు గాలిని అడుగుతున్నారు, మరొకరు మబ్బును అడుగుతున్నారు, కాబట్టి రెండు జవాబులు వస్తున్నాయి. దీవుల్లో ఉండేవారికి మాత్రం రెండూ కావాలి. పడవకు గాలి లెక్క, తొట్టిలో నీటికి వాన లెక్క.

బంగాళాఖాతంలో కురిసిన మేఘం గువాంకు ఎప్పుడు?

ఉష్ణమండలమంతటా నెల రెండు నెలలకోసారి మేఘాల పెద్ద విడత ఒకటి పడమర నుంచి తూర్పుకు నడిచిపోతుంది. 1971లో రోలాండ్ మ్యాడెన్, పాల్ జూలియన్ దీనిని గుర్తించారు. వారి పేర్ల మీదే దానిని మ్యాడెన్-జూలియన్ డోలనం అంటున్నారు. మన వాతావరణ నిపుణులు రెండు మూడు వారాల ముందస్తు అంచనాలు ఇచ్చేటప్పుడు చూసే ముఖ్యమైన సంకేతాల్లో ఇదొకటి.

అది సెకనుకు సుమారు 5 మీటర్ల వేగంతో నడుస్తుంది, అంటే రోజుకు 430 కిలోమీటర్ల పైచిలుకు. మన బంగాళాఖాతం సుమారు 85 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంటే గువాం దాదాపు 145 మీద ఉంది. మధ్య దూరం సుమారు 6,500 కిలోమీటర్లు. భాగిస్తే పదిహేను రోజులు. విశాఖపట్నంలో ముసురు పట్టించిన మేఘాల విడత చెదిరిపోకుండా సాగితే, రెండు వారాల తరువాత గువాం దగ్గర ద్రోణిని రెచ్చగొట్టవచ్చు. ప్రతిసారీ ఇలా జరగదు. ఇండోనేషియా దీవుల దగ్గర చాలా విడతలు నీరసించిపోతాయి. జరిగినప్పుడు మాత్రం పడమటి గాలి బలపడుతుంది, ద్రోణి వెంట ఒకదాని వెనుక ఒకటిగా తుపాన్లు పుడతాయి.

తుపాను అంకెల్లో దాగి ఉండేది

గాలి వేగం 34 నాట్లు, అంటే గంటకు 63 కిలోమీటర్లు చేరితే అక్కడ 'ట్రాపికల్ స్టార్మ్', 64 నాట్లు దాటితే 'టైఫూన్'. మన దగ్గర అల్పపీడనం, వాయుగుండం, తీవ్ర వాయుగుండం, తుపాను అన్న మెట్ల వంటివే ఇవి. చిక్కు అంకెల్లో లేదు, వాటిని కొలిచే పద్ధతిలో ఉంది. అమెరికా సైనిక తుపాను కేంద్రం ఒక నిమిషం సగటు గాలిని చెబుతుంది. జపాన్ సంస్థ పది నిమిషాల సగటును చెబుతుంది. మన భారత వాతావరణ శాఖది మూడు నిమిషాల సగటు. గాలి ఒకే వేగంతో వీచదు కాబట్టి సమయం పెరిగే కొద్దీ సగటు తగ్గుతుంది. ఒక నిమిషం సగటు 100 నాట్లున్న తుపాను పది నిమిషాల సగటులో 90 నాట్ల చుట్టుపక్కల కనిపిస్తుంది. ఒకే తుపానుకు రెండు సంస్థలు రెండు అంకెలు చెబితే ఒకరు తప్పు చెప్పారని కాదు.

ఇంకో లోపం ఇంతకంటే ముఖ్యమైనది. ఈ మెట్లన్నీ గాలికి సంబంధించినవి. వాన వాటిలో కనిపించదు. 2002 జులై మొదట్లో చతాన్ అనే తుపాను చుక్ దీవుల దగ్గర తచ్చాడింది. అప్పటికి దానికి టైఫూన్ స్థాయి కూడా లేదు. కానీ ఒక్క రోజులో 500 మిల్లీమీటర్ల వాన కురిపించింది. నానిన కొండచరియలు ఇళ్ల మీద విరిగిపడి 40 మందికి పైగా చనిపోయారు. ఆ తరువాతే అది బలపడి గువాంను తాకింది. మైక్రోనేషియా సమాఖ్య చరిత్రలో వాతావరణం తెచ్చిన పెను విషాదాల్లో ఒకదానికి కారణమైనది, ఆ సమయంలో అంకెల్లో 'బలహీనం' అనిపించుకున్న తుపాను. ఈ సంగతి తలచుకున్నప్పుడల్లా సూచనలో గాలి వరుసతో ఆగిపోకుండా వాన వరుస కూడా చదవాలని గట్టిగా అనిపిస్తుంది.

పశ్చిమ పసిఫిక్‌లో తుపానుకు కాలనియమం కూడా తక్కువే. ద్రోణి చురుకుగా ఉండే జులై నుంచి అక్టోబరు దాకా ఎక్కువ పుడతాయి, కానీ ఏ నెలా మినహాయింపు కాదు. మావార్ గువాంను తాకింది 2023 మే 24న. పొంగ్‌సోనా తాకింది 2002 డిసెంబరులో. టినియన్, సైపాన్ దీవులను యుటు అతలాకుతలం చేసింది 2018 అక్టోబరులో. అందుకే గువాంలో సంసిద్ధత స్థాయి ఏడాది పొడవునా కనీసం నాలుగులో ఉంటుంది. ప్రమాదం దగ్గరయ్యే కొద్దీ మూడు, రెండు, ఒకటికి దిగుతుంది. మన రేవుల్లో ప్రమాద సూచిక నంబరు పెరిగితే భయపడాలి, అక్కడ తగ్గితే భయపడాలి.

ఆకాశం ఒక కథ, సముద్రం మరో కథ

సముద్రం మీద కెరటాలు రెండు రకాలు. ఇక్కడే, ఇప్పుడే వీస్తున్న గాలి లేపేవి ఒక రకం. అవి పొట్టిగా, చిందరవందరగా ఉంటాయి, గాలి ఆగితే కొన్ని గంటల్లో సద్దుమణుగుతాయి. రెండో రకం ఎక్కడో దూరాన తుపానులో పుట్టి, పుట్టిన చోటును వదిలి ప్రయాణించి వచ్చినవి. వాటికి గాలి తోడు అక్కరలేదు. పొడవుగా, నున్నగా, వరుసకట్టి వస్తాయి. వీటిని దూరపు కెరటాలు అందాం.

రెంటినీ వేరు చేసే కొలత ఎత్తు కాదు, విరామం. ఒక కెరటం శిఖరం దాటాక రెండో శిఖరం వచ్చేందుకు ఎన్ని సెకన్లు పట్టిందన్నదే విరామం. గాలి అలలకు అది ఐదారు సెకన్లు. దూరపు కెరటాలకు 12 నుంచి 18 సెకన్లు. లోతైన సముద్రంలో కెరటాల గుంపు వేగం కూడా దీని మీదే ఆధారపడుతుంది. సెకన్లను 2.8తో హెచ్చిస్తే గంటకు ఎన్ని కిలోమీటర్లో వస్తుంది.

ఫిలిప్పీన్స్ సముద్రంలో, గువాంకు 1,500 కిలోమీటర్ల దూరంలో టైఫూన్ ఉందనుకోండి. 14 సెకన్ల కెరటాల వేగం గంటకు 39 కిలోమీటర్లు. గువాంకు 38 గంటల్లో చేరతాయి. 8 సెకన్ల అలల వేగం 22 కిలోమీటర్లే, వాటికి 67 గంటలు పడుతుంది. టైఫూన్ తాను మామూలుగా గంటకు 20 కిలోమీటర్ల వేగంతో నడుస్తుంది. అంటే తుపాను రాకముందే, అసలు రాకపోయినా సరే, దాని పొడవాటి కెరటాలు ముందుగా వచ్చేస్తాయి. నిర్మలాకాశం కింద, గాలి లేని ఉదయాన, పగడపు దిబ్బ అంచున పదిహేను సెకన్లకోసారి ఒక్కో కెరటం విరిగిపడుతుంటే అది దూరాన జరుగుతున్నదాని కబురు.

ఇంకా దూరం నుంచి వచ్చేవీ ఉన్నాయి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా దక్షిణార్ధంలో చలికాలం. న్యూజిలాండ్‌కు దక్షిణాన పెనుగాలులు లేపిన 17 సెకన్ల కెరటాలు గంటకు 48 కిలోమీటర్ల లెక్కన ప్రయాణిస్తే, 6,000 కిలోమీటర్ల పైచిలుకు దూరంలోని మార్షల్ దీవులకు ఐదు రోజుల్లో వస్తాయి. 1963లో వాల్టర్ మంక్ బృందం న్యూజిలాండ్ నుంచి అలాస్కా దాకా వరుసగా కొలత కేంద్రాలు పెట్టి, దక్షిణ మహాసముద్రంలో పుట్టిన కెరటాలు పసిఫిక్ మొత్తాన్ని దాటి వెళ్లడాన్ని గుర్తించింది.

తెలుగువారికి ఇది పూర్తిగా కొత్త సంగతి కాదు. కేరళ తీరంలో గాలీ వానా లేకుండా సముద్రం ఇళ్లలోకి చొరబడితే అక్కడి వారు 'కళ్లక్కడల్', అంటే దొంగ సముద్రం అంటారు. అది కూడా దక్షిణ హిందూ మహాసముద్రం నుంచి వచ్చిన దూరపు కెరటాల పనే. దాని హెచ్చరికలు వెలువడేది సముద్రమే లేని మన హైదరాబాదు నుంచి, సముద్ర సమాచారం అందించే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఇన్‌కాయిస్ నుంచి.

విరామం ఎందుకు అంత ముఖ్యం? కెరటం మోసుకొచ్చే శక్తి ఎత్తు వర్గాన్ని బట్టి, విరామాన్ని బట్టి పెరుగుతుంది. నాలుగడుగుల ఎత్తున్న 6 సెకన్ల అల, నాలుగడుగుల ఎత్తున్న 15 సెకన్ల కెరటం నడిసముద్రంలో ఒకేలా కనిపిస్తాయి. రెండోది రెండున్నర రెట్ల శక్తిని తెస్తుంది. పగడపు దిబ్బ మీదికి వచ్చేసరికి అది మరింత ఎత్తుకు లేస్తుంది. దిబ్బ దాటి లోపలికి పడిన నీరు మళ్లీ బయటికి పోవాలి కదా. దిబ్బలో ఉన్న గండి గుండా అది ఏరులా వెనక్కి వెళ్తుంది. లోపలి మడుగు అద్దంలా కనిపిస్తున్నా, ఆ గండి దగ్గర ఈతగాడిని సముద్రంలోకి లాక్కుపోయేది ఆ ప్రవాహమే.

సూచనలో 'అలలు 8 అడుగులు' అంటే అన్నిటికంటే పెద్ద అల అని కాదు. వచ్చే అలల్లో ఎత్తైన మూడో వంతు వాటి సగటు అది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో సైన్యాన్ని తీరాన దించడానికి మంక్, స్వెర్‌డ్రుప్ ఈ కొలతను వాడుకలోకి తెచ్చారు. చాలాసేపు సముద్రంలో ఉంటే అందులో ఒకటి 15, 16 అడుగులదీ ఎదురవుతుంది. చిన్న పడవకు ఆ ఒక్కటి చాలు.

ఒకే రోజు, నాలుగు దీవులు

సెప్టెంబరులో పున్నమి నాటి సూచన ఇలా ఉందనుకుందాం. ఇది వివరించడానికి నేను కూర్చిన ఉదాహరణ.

కొరోర్: నైరుతి గాలి 22 నాట్లు, ముసురు, అలలు 9 అడుగులు, విరామం 7 సెకన్లు. గువాం: గాలి అంతగా లేదు, ఉరుములతో భారీ వాన, అలలు 4 అడుగులు. చుక్: నైరుతి గాలి 12 నాట్లు, జల్లులు, అలలు 5 అడుగులు. మార్షల్ దీవుల రాజధాని మజురో: తూర్పు గాలి 10 నాట్లు, ఎండ, అలలు 4 అడుగులు, దక్షిణం నుంచి 16 సెకన్ల కెరటాలు, పెద్ద పోటు.

చదవగానే ద్రోణి ఎక్కడుందో తెలుస్తుంది. గువాంలో గాలి ఆగి ఉరుములున్నాయంటే అది అక్కడే ఉంది. కొరోర్, చుక్ దానికి దక్షిణాన ఉన్నాయి, పడమటికి పోయే కొద్దీ నైరుతి బలంగా ఉంది. మజురో దాకా ద్రోణి చేరలేదు. భయం కలిగించే వరుస కొరోర్‌ది. చిన్న పడవలు బయలుదేరకూడని రోజు అది. దాన్ని ఎవరైనా ఆకాశం చూసి చెప్పగలరు. చుక్‌లో గాలి మామూలే, కానీ ద్రోణి కదిలితే వాన మీద కన్నేయాలి. మజురో వరుస చదివినవారికి ఏమీ అనిపించదు. నా దృష్టిలో మాత్రం ఆ రోజు అన్నిటికంటే జాగ్రత్తగా చూడాల్సినది అదే. సగటున రెండు మీటర్ల ఎత్తు కూడా లేని నేల, పున్నమి పోటుతో అప్పటికే పైకొచ్చిన నీరు, దాని మీదికి 16 సెకన్ల కెరటాలు. పోటు పతాకస్థాయికి చేరే ఆ గంట రెండు గంటలే ప్రమాదం.

ఇది ఊహ మాత్రమే కాదు. 2008 డిసెంబరులో వేల కిలోమీటర్ల దూరపు తుపాన్లు లేపిన కెరటాలు మార్షల్ దీవులు, మైక్రోనేషియా, కిరిబాటి, పపువా న్యూగినీ, సాలమన్ దీవుల్లో తీరగ్రామాలను ముంచాయి. 2024 జనవరి 20 రాత్రి మార్షల్ దీవుల్లో క్వాజలీన్ అనే పగడపు దీవుల వలయంలోని రోయ్-నముర్ దీవిలో అమెరికా సైనిక స్థావరపు భోజనశాల తలుపులను పగలగొట్టుకుని కెరటం లోపలికి వచ్చింది. ఆ దీవి మీద అప్పుడు తుపాను లేదు.

ఎల్‌నినో: మనకు ఎండబెట్టి అక్కడికి తుపాన్లు పంపేది

మామూలు రోజుల్లో వ్యాపార పవనాలు వేడి నీటిని పడమరకు తోసి పోగుచేస్తాయి. దానివల్ల పశ్చిమ పసిఫిక్‌లో సముద్ర మట్టం తూర్పు పసిఫిక్ కంటే సుమారు అర మీటరు ఎత్తులో ఉంటుంది. ఎల్‌నినో ఏడాది ఆ గాలులు బలహీనపడి వేడి నీరు తూర్పుకు జరుగుతుంది. మన తెలంగాణ, రాయలసీమ రైతులకు ఎల్‌నినో అంటే వాన తగ్గే భయం. పసిఫిక్‌లో అది రెండంచెలుగా వస్తుంది.

మొదటి అంచెలో వేడి నీటి వెంట రుతుపవన ద్రోణి కూడా తూర్పుకు సాగుతుంది, బలమైన ఎల్‌నినోలో అంతర్జాతీయ దినరేఖ దగ్గరి దాకా. తుపాన్లు దూరంగా, ఆగ్నేయంగా పుట్టి గువాం వైపు రావడానికి ఎక్కువ దారి, ఎక్కువ వేడి నీరు దొరుకుతాయి. 1997 డిసెంబరులో గువాంను తాకిన పాకా, 2002లో చతాన్, పొంగ్‌సోనా అన్నీ ఎల్‌నినో ఏళ్లవే. రెండో అంచె మరుసటి ఏడాది మొదటి నెలల్లో వస్తుంది. వానలు ఎండిపోతాయి. 1998లోనూ, 2016లోనూ అదే జరిగింది. 2016 మొదట్లో మార్షల్ దీవులు, పలావు కరవు వల్ల అత్యవసర పరిస్థితి ప్రకటించాయి. మజురోలో తాగునీటికి ఆధారం విమానాశ్రయం రన్‌వే. దాని మీద పడిన వాననీటిని కాలువల ద్వారా పక్కనున్న చెరువుల్లోకి మళ్లిస్తారు. నదిలేని ఊరికి రన్‌వేయే పరీవాహక ప్రాంతం.

సముద్ర మట్టం కూడా ఎల్‌నినోలో పడమర వైపున తగ్గుతుంది. సమోవాలో పగడపు దిబ్బలు నీటి పైకి తేలి, ఎండకు చచ్చి కంపు కొడతాయి. ఆ పాటును సమోవన్లు 'తాయ్‌మాసా', అంటే కంపు కొట్టే పాటు అంటారు. లానినా ఏడాది దీనికి ఎదురు. పడమట మట్టం పెరుగుతుంది, ముందు చెప్పిన మజురో ఉదాహరణ లాంటి రోజులు ఎక్కువవుతాయి.

దీవులు మునుగుతున్నాయా, పెరుగుతున్నాయా?

ఈ ప్రశ్న మీద వచ్చే వార్తలు ఒకదానికొకటి పొసగనట్టు కనిపిస్తాయి. 2018లో పాల్ కెంచ్ బృందం టువాలులోని 101 దీవుల పాత, కొత్త చిత్రాలను పోల్చి, 1971 నుంచి 2014 మధ్య మొత్తం నేల 2.9 శాతం పెరిగిందని తేల్చింది. కెరటాలు పగడపు ఇసుకను, రాళ్లను తెచ్చి దీవి మీదే పోస్తాయి, కాబట్టి అవి కదలని దిమ్మెలు కావు అన్నది వారి వాదన. అదే ఏడాది కర్ట్ స్టోర్లాజీ బృందం రోయ్-నముర్ దీవిలో కొలతలు తీసి వేరే మాట చెప్పింది. నేల ఉన్నంత మాత్రాన బతుకు ఉండదు, కెరటాలు తరచూ దీవిని దాటిపోతే ఈ శతాబ్దం మధ్యనాటికే చాలా దీవుల్లో భూగర్భ జలం తాగడానికి పనికిరాకుండా పోవచ్చు అని.

రెంటినీ కలిపి చదివితే వైరుధ్యం చాలావరకు కరిగిపోతుంది. దీవి కింద మంచినీరు, ఉప్పునీటి మీద తేలే పలుచని కటకంలా ఉంటుంది. సముద్ర మట్టానికి పైన ఒక్క అడుగు మంచినీరు నిలిస్తే కింద నలభై అడుగుల దాకా ఉండగలదని స్థూలమైన లెక్క. కెరటం ఒక్కసారి దీవి మీదుగా పారితే ఉప్పు పైనుంచి ఇంకుతుంది. వానలు దానిని కడిగేయడానికి నెలలు, కరవు తోడైతే ఇంకా ఎక్కువ పడుతుంది. గుంటలు తవ్వి పండించుకునే చామదుంప పంట చచ్చిపోతుంది. ఆ కెరటమే ఇసుక తెచ్చి దీవి అంచును పెంచి ఉండవచ్చు. ఒక అధ్యయనం నేలను కొలిచింది, మరొకటి నీటిని. అక్కడ ఉండాలా వెళ్లిపోవాలా అని తేల్చుకోవలసిన కుటుంబానికి ముందు ఎండేది బావి.

తుపాన్ల విషయంలోనూ ఇలాంటి జాగ్రత్త కావాలి. భూతాపం పెరిగితే ప్రపంచవ్యాప్తంగా తుపాన్ల సంఖ్య పెరగకపోవచ్చు, తగ్గనూ వచ్చు. వాటిలో అతి తీవ్రమైన వాటి వాటా, అవి కురిపించే వాన మాత్రం పెరుగుతాయన్నది ఐక్యరాజ్యసమితి వాతావరణ మార్పుల సంఘం 2021లో వెలువరించిన నివేదిక అంచనా.

నవంబరు దాటాక

చలికాలం దగ్గరపడగానే ఆసియా చల్లబడుతుంది, గాలి మళ్లీ ఈశాన్యానికి తిరుగుతుంది. ద్రోణి దక్షిణానికి దిగి చివరికి భూమధ్యరేఖను దాటుతుంది. గువాం పడమటి తీరం మళ్లీ శాంతిస్తుంది. జపాన్ తూర్పున పుట్టే చలికాలపు తుపాన్ల కెరటాలు ఇప్పుడు ఉత్తర తీరాన్ని తాకుతాయి.

దక్షిణార్ధంలో అప్పుడే మొదలు. సాలమన్ దీవులకు వాయవ్య గాలి వానలు తెస్తుంది. అక్కడి నుంచి ఆగ్నేయంగా ఫిజీ, సమోవాల వైపు సాగే మేఘాల పట్టీ చురుకవుతుంది. ఫిజీలో నవంబరు నుంచి ఏప్రిల్ దాకా వానకాలం, తుపాన్ల కాలం.

ఫిజీ పేరు మనవారికి కొత్త కాదు. 1903 నుంచి 1916 దాకా మద్రాసు రేవు నుంచి వెళ్లిన ఒప్పంద కూలీల్లో తెలుగువారూ ఉన్నారు. వారిని దించింది చెరకు తోటల్లో. ఆ తోటలు ఎక్కువగా ప్రధాన దీవి పడమటి వైపు, బా, లౌటోకా, నాడీ ప్రాంతాల్లో ఉన్నాయి. ఆ దీవి రెండు వైపులా వానలో తేడాకు కారణం ఇంతకు ముందు చెప్పిన వ్యాపార పవనాలే. ఆగ్నేయ గాలి కొండలకు తగిలి తూర్పున సువాలో ఏడాదికి 3,000 మిల్లీమీటర్ల వాన కురిపిస్తుంది. కొండ దాటిన పొడిగాలి కింద నాడీకి 2,000 కూడా దక్కదు. చెరకు పండి తీపెక్కడానికి ఆ పొడికాలం అవసరం. వానకాలంలో తుపాను వస్తే నిలిచిన చెరకంతా పోతుంది. 2016 ఫిబ్రవరి 20న విన్‌స్టన్ వచ్చినప్పుడు ఫిజీలో 44 మంది చనిపోయారు. దక్షిణార్ధంలో నేలను తాకిన తుపాన్లలో అంత బలమైనది అంతకు ముందు నమోదు కాలేదు. ఆ ప్రాంతపు తుపాన్లకు పేర్లు పెట్టి హెచ్చరికలు పంపే కేంద్రం ఉన్నది ఆ చెరకు ప్రాంతంలోనే, నాడీలో. నవంబరు 1 నుంచి ఏప్రిల్ 30 దాకా అక్కడ తుపాన్ల కాలం.